గేమింగ్ పీసీ కొంటున్నారా? కార్డుతో పాటు కరెంటు, ఎండ, వారంటీ కూడా చూడాలి

గేమింగ్ కంప్యూటర్ అనగానే పిల్లలు ముందు చెప్పేది గ్రాఫిక్స్ కార్డు పేరు. పెద్దలు ముందు అడిగేది ధర. ఈ రెండింటి మధ్య ఎవరూ అడగని ప్రశ్నలు కొన్ని మిగిలిపోతాయి. ఇంట్లో సరైన ఎర్తింగ్ ఉందా? మే నెలలో ఆ గది ఎంత వేడెక్కుతుంది? కార్డు పాడైతే ఎక్కడికి తీసుకుపోవాలి? కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి పట్టణాల్లో రెండు లక్షల కంప్యూటర్ నాలుగైదేళ్లు నడవాలంటే ఈ ప్రశ్నలకు జవాబు ముందే తెలిసి ఉండాలి.

పైసల సంగతి కూడా చిన్నది కాదు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో ఇలాంటి పెద్ద ఖర్చు గల్ఫ్ నుంచి వచ్చే పైసలతోనే తీరుతుంది. నెలకు 1,200 దిర్హమ్‌ల జీతం వచ్చే మనిషికి రెండు లక్షల రూపాయలంటే సుమారు ఏడు నెలల సంపాదన. అందులో తన తిండి ఖర్చు తీసేస్తే ఏడాది పొదుపు అయినా కావచ్చు. అన్న ఏడాది కష్టంతో తమ్ముడు కొనే వస్తువు మొదటి ఎండాకాలానికే మూలన పడకూడదు. యూట్యూబ్ వీడియోల్లో చెప్పే లిస్టులు ఏసీ గదికి, నిలకడైన కరెంటుకు తయారైనవి. వాటిని మన ఇంటికి తగ్గట్టు మార్చుకోవాలి.

ముందు ఆట, తర్వాత తెర, ఆ తర్వాతే కార్డు

కొనేముందు తేల్చుకోవాల్సింది ఏ ఆట ఆడతారన్నది. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ ఆడేవారికి ఫోన్ చాలు. అవి ఫోన్ కోసం చేసిన ఆటలే. వాటి కోసం పీసీ కొనడం దండగ. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటలు పెద్ద కార్డు అడగవు. మధ్యరకం కార్డు మీదే బాగా నడుస్తాయి. సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్ వుకాంగ్ లాంటి భారీ ఆటలకే నిజంగా హై-ఎండ్ పీసీ అవసరం పడుతుంది. జీటీఏ 6 కోసమే పీసీ కొనాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఆటను కంపెనీ మొదట ప్రకటించింది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే.

తర్వాత తెర. 1080పీ మానిటర్‌లో సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. 1440పీలో 36.9 లక్షలు. 4కేలో 82.9 లక్షలు. సెకనుకు వంద సార్లకు పైగా ఈ చుక్కలన్నింటికీ రంగు లెక్కకట్టి ఇవ్వడమే గ్రాఫిక్స్ కార్డు పని. అంటే 4కే మానిటర్ తీసుకుంటే కార్డు మీద బరువు 1080పీతో పోలిస్తే నాలుగింతలు. పాత 60 హెర్ట్జ్ మానిటర్‌కు లక్ష రూపాయల కార్డు తగిలించినా లాభం లేదు. కార్డు 150 ఫ్రేములు ఇచ్చినా తెర చూపించేది 60 మాత్రమే.

ఇప్పుడున్న ధరల్లో ఎక్కువమందికి సరిపోయేది 27 అంగుళాల 1440పీ తెర, 144 నుంచి 180 హెర్ట్జ్. 4కే జోలికి పోకుండా ఇక్కడ ఆగితే కార్డు మీద, పవర్ సప్లై మీద, కరెంటు బిల్లు మీద ఒకేసారి పైసలు మిగులుతాయి.

కార్డు పేరులో ఉన్న తిరకాసు

ఎన్విడియా 50 సిరీస్ కార్డులు 2025 జనవరి నుంచి మార్కెట్లోకి వచ్చాయి. మనదేశంలో కంపెనీ ప్రకటించిన ప్రారంభ ధరలు ఇవి: ఆర్‌టీఎక్స్ 5070కి 59,000 రూపాయలు, 5070 టీఐకి 80,000, 5080కి 1,07,000, 5090కి 2,14,000. దుకాణంలో ధర దీనికి పైనే ఉండొచ్చు. కానీ బేరం ఆడేటప్పుడు ఈ అంకెలు చేతిలో ఉంటే మంచిది. ఏఎండీ వైపు చూస్తే రేడియాన్ ఆర్ఎక్స్ 9070, 9070 ఎక్స్‌టీ కార్డులు 2025 మార్చిలో వచ్చాయి. రెండింటిలోనూ 16 జీబీ మెమరీ ఉంది. ఆటలు మాత్రమే ఆడేవారికి ఇవి మంచి పోటీ.

మోసపోయే చోటు పేరులోనే ఉంది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అనే ఒకే పేరుతో 8 జీబీ కార్డు, 16 జీబీ కార్డు రెండూ అమ్ముతున్నారు. బిల్లు మీద 'జీబీ' రాయించుకోకపోతే ఏది చేతికొచ్చిందో ఇంటికొచ్చాక గాని తెలియదు. కొత్త భారీ ఆటలు 1440పీలో 8 జీబీని దాటేస్తున్నాయి. దాటిన మరుక్షణం ఆట ముక్కలు ముక్కలుగా ఆగి ఆగి నడుస్తుంది. హై-ఎండ్ అనుకుని కొనేవారు 16 జీబీకి తగ్గకపోవడం మేలు. 12 జీబీ ఉన్న 5070 ఈ మధ్యలో పడుతుంది. ఇవాళ్టికి సరిపోతుంది, మూడేళ్ల తర్వాత ఇబ్బంది పెట్టొచ్చు.

ల్యాప్‌టాప్‌లలోనూ ఇదే తిరకాసు. డెస్క్‌టాప్ 5070 టీఐలో 16 జీబీ మెమరీ ఉంటే, అదే పేరుతో వచ్చే ల్యాప్‌టాప్ చిప్‌లో 12 జీబీయే ఉంటుంది. డెస్క్‌టాప్ 5070లో 12 జీబీ ఉంటే ల్యాప్‌టాప్ 5070లో 8 జీబీయే. పేరు ఒకటే, సరుకు వేరు.

నాచుపల్లిలోని జేఎన్‌టీయూహెచ్ జగిత్యాల కాలేజీలోనో, సిరిసిల్ల జేఎన్‌టీయూహెచ్ కాలేజీలోనో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు 'ఇది చదువుకు కూడా పనికొస్తుంది' అంటే అందులో నిజం ఉంది. ఏఐ, త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు ఎన్విడియా వారి కూడా అనే వ్యవస్థ మీద నడుస్తాయి. నిజంగా ఆ పని చేసేవారైతే ఎన్విడియా కార్డుకు కొంత ఎక్కువ పెట్టడం న్యాయమే. ఆటలకే అయితే ఆ అదనపు ఖర్చు అవసరం లేదు.

ప్రాసెసర్‌లో పొదుపు, బోర్డులో జాగ్రత్త

ఆటల కోసం ఎక్కువగా వినిపించే పేరు ఏఎండీ రైజెన్ 7 9800ఎక్స్3డీ. 2024 నవంబర్‌లో వచ్చింది. ఎనిమిది కోర్లు, వాటికి తోడు చిప్‌లోనే అదనంగా పెట్టిన కాష్ మెమరీ దీని బలం. 1080పీలో పోటీ ఆటలు ఆడుతూ సెకనుకు మూడు, నాలుగు వందల ఫ్రేములు కోరుకునేవారికి దీని తేడా కనిపిస్తుంది. కానీ 1440పీలో, 4కేలో భారీ ఆటలు ఆడేటప్పుడు బరువంతా కార్డు మీదే పడుతుంది. అక్కడ ఆరు కోర్ల రైజెన్ 5 9600ఎక్స్ లాంటి చిప్‌కూ దీనికీ తేడా చాలా తగ్గిపోతుంది. మిగిలిన పైసలు కార్డుకు పెడితే ఆటలో ఎక్కువ ఫలితం వస్తుంది.

ఏఎండీ ఏఎం5 సాకెట్‌ను 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. అంటే రెండు మూడేళ్ల తర్వాత బోర్డు మార్చకుండానే కొత్త ప్రాసెసర్ వేసుకునే అవకాశం ఉంది. ఇంటెల్ కొత్త కోర్ అల్ట్రా 200 సిరీస్ కూడా బాగానే పనిచేస్తుంది కానీ ఆటల్లో ఎక్స్3డీ చిప్‌లను అందుకోలేదు. సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 తక్కువకు దొరికితే మాత్రం ఆగి ఆలోచించాలి. వోల్టేజీ సమస్య వల్ల ఆ చిప్‌లు కొన్ని పాడవుతున్నాయని 2024లో బయటపడింది. ఇంటెల్ బయాస్ అప్‌డేట్ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్‌డేట్ వేయకుండా ఏడాది రెండేళ్లు వాడిన చిప్ లోపల ఎంత దెబ్బతిన్నదో బయటికి తెలియదు.

మదర్‌బోర్డు విషయంలో బీ650, బీ850 రకాలు చాలు. రంగురంగుల లైట్ల బోర్డుకు ఇంకో పదిహేను వేలు పెడితే ఆటలో ఒక్క ఫ్రేము కూడా పెరగదు. ఒకటి మాత్రం అడగాలి. పాత బీ650 బోర్డు మీద కొత్త ప్రాసెసర్ వేయాలంటే బయాస్ అప్‌డేట్ కావాలి. దుకాణంలోనే ఆ అప్‌డేట్ చేయించుకోవాలి. లేదా ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసే బటన్ ఉన్న బోర్డు తీసుకోవాలి. లేకపోతే ఇంటికొచ్చి ఆన్ చేస్తే నల్ల తెర తప్ప ఏమీ రాదు.

ర్యామ్ ధర మండుతోంది

2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు రెండు, మూడింతలకు పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున కొనేస్తుండటమే కారణం. చాలామందికి తెలిసిన క్రూషియల్ బ్రాండ్‌ను వినియోగదారుల మార్కెట్ నుంచి తప్పిస్తున్నట్లు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఆ సెగ ఎస్ఎస్‌డీలకూ తగిలింది.

అందుకే ఇప్పుడు 64 జీబీ అనే మోజు వదులుకోవాలి. ఆటలకు 32 జీబీ సరిపోతుంది. 16 జీబీ స్టిక్కులు రెండు, ఒకే ప్యాకెట్లో వచ్చినవి తీసుకోవాలి. డీడీఆర్5లో 6000 వేగం ఏఎం5కి సరైన జోడి. ఇవాళ రెండు, తర్వాత ఇంకో రెండు వేసుకుందాం అనుకోవడం మంచి ఆలోచన కాదు. నాలుగు స్టిక్కులు పెడితే వేగం తగ్గించి నడపాల్సి వస్తుంది. బిగించాక బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. అది చేయకపోతే 6000కు పైసలు కట్టి 4800 వేగంతో వాడుకున్నట్టే.

ఎస్ఎస్‌డీ విషయంలో జెన్ 4 ఎన్‌వీఎంఈ ఒక టీబీ చాలు. జెన్ 5 వేగం ఆటల్లో కనిపించదు, వేడి మాత్రం ఎక్కువ.

అసలు పరీక్ష గోడ సాకెట్ దగ్గర

జగిత్యాల, కోరుట్లలో కరెంటు ఇచ్చేది ఉత్తర డిస్కం. సిరిసిల్లలో సెస్ అనే విద్యుత్ సహకార సంఘం అర్ధ శతాబ్దానికి పైగా ఆ పని చేస్తోంది. ఎవరిచ్చినా ఎండాకాలం సాయంత్రం వీధిలోని ఏసీలు, కూలర్లు, మోటార్లు ఒకేసారి నడిస్తే వోల్టేజీ పడిపోవడం అందరికీ అనుభవమే. ఈ సమయంలో కంప్యూటర్‌ను కాపాడేది పవర్ సప్లై ఒక్కటే. లిస్టులో చివరికి మిగిలిన మూడు వేలతో కొనేది కూడా చాలాసార్లు అదే. తప్పు ఇక్కడే జరుగుతోంది.

పవర్ సప్లై మీద అతికించిన లేబుల్‌లో రెండు సంగతులు చదవాలి. మొదటిది ఇన్‌పుట్ వోల్టేజీ. కొన్నింటి మీద 200–240 అని, మంచివాటి మీద 100–240 అని ఉంటుంది. వోల్టేజీ 170కి పడిపోయినప్పుడు మొదటి రకం ఆగిపోవచ్చు. రెండో రకం తన పని తాను చేసుకుపోతుంది. వేరే స్టెబిలైజర్ అవసరం కూడా పడదు.

రెండోది వాట్లు. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ ఒక్కటే 300 వాట్ల దాకా తీసుకుంటుంది. ప్రాసెసర్, బోర్డు, ఫ్యాన్లు, డ్రైవ్‌లు కలిపితే మొత్తం 450 నుంచి 480 దాకా పోతుంది. కానీ కార్డు రెప్పపాటు సేపు తన లెక్కకు మించి కరెంటు లాగే సందర్భాలు ఉంటాయి. అందుకే ఈ కార్డుకు 750 వాట్లు ఉండాలని ఎన్విడియా చెబుతుంది. 5080కి 850, 5090కి 1000. 80 ప్లస్ గోల్డ్ ముద్ర, ఏటీఎక్స్ 3.1 ప్రమాణం, కొత్త కార్డులకు కావాల్సిన 12వీ-2ఎక్స్6 కేబుల్ దానితోనే వచ్చే మోడల్ తీసుకోవాలి. ఆ కేబుల్‌ను చివరిదాకా నొక్కి పెట్టాలి. సగం దిగి ఆగితే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరిగిన సంఘటనలు ప్రపంచవ్యాప్తంగా నమోదయ్యాయి.

ఇక ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుందని, చెప్పులు వేసుకుని ఆడుకుంటామని చాలామంది నవ్వుతూ చెబుతుంటారు. నవ్వే సంగతి కాదు. పవర్ సప్లై లోపల ఉండే చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును క్యాబినెట్ ఇనుముకు పంపుతాయి. అది మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక తీగ ఉండదు. అప్పుడు ఆ కరెంటు ముట్టుకున్న మనిషి ద్వారా పోతుంది. పవర్ సప్లైలో నిజంగా లోపం వచ్చిన రోజు అది ప్రాణం మీదికి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య 230 వోల్టులకు దగ్గరగా వస్తుందో లేదో మీటర్‌తో చూపించమనాలి. ఎర్త్ గుంత కొత్తగా వేయించినా కార్డు ధరలో చిన్న భాగమే అవుతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనే ధీమా కూడా పనికిరాదు. ఫ్యాన్లకు, బల్బులకు పెట్టిన చిన్న ఇన్వర్టర్ ఆట నడుస్తున్న పీసీ బరువు మోయలేదు. పైగా చవక ఇన్వర్టర్లు ఇచ్చేది స్క్వేర్ వేవ్ కరెంటు. కొత్త పవర్ సప్లైలు దానితో గుర్రుమని శబ్దం చేయడం, ఆగిపోవడం జరుగుతుంది. ప్యూర్ సైన్ వేవ్ ఉన్నదే కావాలి. 600 వీఏ యూపీఎస్ అంటే సుమారు 360 వాట్లే. అది సరిపోదు. 1 కేవీఏ లేదా 1.5 కేవీఏ యూపీఎస్ తీసుకుని, దాని లేబుల్ మీద వాట్ల అంకె చూడాలి. అది ఆడుకోవడానికి కాదు, కరెంటు పోయిన ఐదు నిమిషాల్లో సేవ్ చేసి మూసేయడానికి.

జీరో బిల్లు పోకుండా చూసుకోవాలి

గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు రాదు. 200 దాటితే మాత్రం దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. గేమింగ్ పీసీ కొనే ఇల్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఉదాహరణకు ఒక ఇంట్లో నెలకు 160 యూనిట్లు కాలుతాయనుకుందాం. ఆట నడిచేటప్పుడు పీసీ, మానిటర్ కలిపి 500 వాట్లు తీసుకుంటాయి. రోజుకు నాలుగు గంటలు ఆడితే 2 యూనిట్లు, నెలకు 60. మొత్తం 220. జీరో బిల్లు పోయినట్టే.

దీనికి మందు కంప్యూటర్‌లోనే ఉంది. కార్డు సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 75, 80 శాతానికి తగ్గించొచ్చు. కరెంటు ఐదో వంతు తగ్గినా ఫ్రేములు తగ్గేది కొద్ది శాతమే. దాంతోపాటు ఫ్రేముల సంఖ్యను మానిటర్ హెర్ట్జ్‌కు మించకుండా కట్టేయాలి. ఇలా 350 వాట్లకు దించి రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు 31 యూనిట్లు చిల్లర. అదే ఇంటికి మొత్తం 192 లోపే. పిల్లలకు ఆట ఆగదు, ఇంటికి బిల్లు రాదు. వేసవిలో కూలర్, ఏసీ యూనిట్లు కూడా తోడవుతాయి కాబట్టి ఆ నెలల్లో మీటర్ రీడింగ్ మీద కన్నేసి ఉంచాలి.

45 డిగ్రీల ఎండలో

జగిత్యాల జిల్లాలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పీసీ లాగే ప్రతి వాటూ చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. 500 వాట్లంటే ఇస్త్రీ పెట్టె సగం మంట మీద గంటల తరబడి పెట్టినట్టే. ఎంత ఖరీదైన కూలర్ అయినా, గాలిదైనా నీళ్లదైనా, చిప్‌ను గది వేడికన్నా తక్కువకు దించలేదు. బెంగళూరులో 25 డిగ్రీల గదిలో 70 చూపించే ప్రాసెసర్ రేకుల కింద 42 డిగ్రీల గదిలో 87 చూపిస్తుంది. 9800ఎక్స్3డీకి గరిష్ఠ హద్దు 95. దాని దగ్గరకు వస్తే చిప్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది.

కాబట్టి ఏసీ లేని ఇంట్లో ఎక్కువ వాట్ల కార్డు కొనడం అంటే వేసవిలో వాడుకోలేని వేగానికి పైసలు కట్టడమే. ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్, ముందు రెండు మూడు ఫ్యాన్లు, వెనక ఒకటి, రెండు టవర్ల ఎయిర్ కూలర్ ఉంటే చాలు. నీళ్ల కూలర్ అందంగా ఉంటుంది. కానీ దాని పంపు ఆగిపోతే వారం పది రోజులు పీసీ మూలన పడుతుంది. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే. కరీంనగర్‌లోనో, ఆన్‌లైన్‌లోనో కొని ఎవరైనా మార్చుకోవచ్చు.

మూడు వైపులా గాజు ఉన్న క్యాబినెట్లు ఇక్కడి వేసవికి పనికిరావు. డ్రాయింగ్ రూమ్‌లో నీళ్ల కూలర్ ఎదురుగా పీసీ పెట్టడం కూడా మానుకోవాలి. ఆ తడిగాలితో దుమ్ము హీట్‌సింక్‌కు బంకలా పట్టుకుంటుంది. సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర ఉండే ఇళ్లలో ఇంకో సమస్య ఉంది. నూలు నుసి మామూలు దుమ్ములా రాలిపోదు. ఫిల్టర్ మీద దుప్పటిలా పేరుకుంటుంది. అలాంటి చోట విప్పి కడుక్కునే ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ తప్పనిసరి. పదిహేను రోజులకోసారి ఫిల్టర్, మూడు నెలలకోసారి లోపలి భాగం శుభ్రం చేయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి. లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

దుబాయ్ నుంచి తెప్పిస్తే?

'అన్న వస్తుండు, కార్డు అక్కడే చవక' అనే మాట కోరుట్ల, జగిత్యాలలో మామూలే. ధరలో తేడా ఒక్కోసారి నిజమే. కానీ మూడు లెక్కలు వేసుకోవాలి.

ఒకటి, వారంటీ. గ్రాఫిక్స్ కార్డు బ్రాండ్లలో చాలావాటికి వారంటీ కొన్న దేశానికే పరిమితం. ఆరు నెలల తర్వాత కార్డు పాడైతే మళ్లీ దుబాయ్ పోయే మనిషి చేతికి ఇవ్వాలి. కొనేముందే ఆ బ్రాండ్ భారత సర్వీస్ సెంటర్‌కు మోడల్ పేరు చెప్పి, విదేశంలో కొన్నది తీసుకుంటారా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

రెండు, కస్టమ్స్. పెద్దలకు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకునే వీలుంది. ఆ వెసులుబాటు విడి గ్రాఫిక్స్ కార్డుకు వర్తించదు. అది మిగతా సామాన్లతో కలిపి ఉచిత పరిమితిలోకి వస్తుంది. 2016 బ్యాగేజీ నిబంధనల్లో ఆ పరిమితి 50,000 రూపాయలుగా ఉండేది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో తాజా అంకె చూసుకోవాలి. దాటితే డిక్లేర్ చేసి సుంకం కట్టాలి. అట్టపెట్టె పారేసి కార్డు ఒక్కటే సంచిలో పెట్టుకొచ్చినా సుంకం తప్పదు.

మూడు, ల్యాప్‌టాప్ సంగతి. సుంకం లేకుండా వస్తుంది, కరెంటు తక్కువ తాగుతుంది, బ్యాటరీ ఉంటుంది కాబట్టి యూపీఎస్ అక్కర్లేదు. కరెంటు సరిగా లేని ఇంటికి, హాస్టల్‌లో ఉండే పిల్లలకు గేమింగ్ ల్యాప్‌టాపే తెలివైన కొనుగోలు కావచ్చు. వేగం డెస్క్‌టాప్ అంత ఉండదు, తర్వాత కార్డు మార్చుకోలేరు. అది ఒప్పుకునే కొనాలి.

సీటీసీలో కొనేటప్పుడు

విడిభాగాలు ఒకేచోట దొరికేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ చెప్పుకునే సీటీసీ. జేబీఎస్‌కు దగ్గరే కాబట్టి పొద్దున బస్సెక్కినవారు సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒక్క దుకాణంలోనే మొత్తం లిస్టు ఇవ్వకుండా, మూడు దుకాణాల్లో కొటేషన్ రాయించుకోవాలి. ప్రతి భాగానికి పూర్తి మోడల్ పేరు ఉండాలి. '750 వాట్ పవర్ సప్లై', '32 జీబీ ర్యామ్' అని మాత్రమే రాస్తే అందులో ఏదైనా పెట్టొచ్చు.

బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. కంప్యూటర్ భాగాల మీద జీఎస్టీ 18 శాతం. అది తప్పించుకుంటే మిగిలేది కొంత, పోయేది మూడేళ్ల వారంటీ. సీరియల్ నంబర్లు రాసిన జీఎస్టీ బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు.

దుకాణంలోనే బిగించి, అరగంట భారీ పరీక్ష నడిపి, వేడి ఎంత వస్తుందో చూసి తీసుకోవాలి. బస్సులో తెచ్చేటప్పుడు గ్రాఫిక్స్ కార్డును విప్పి దాని పెట్టెలో పెట్టించుకోవాలి. కిలోన్నర దాకా బరువుండే కార్డు గతుకుల రోడ్డు మీద ఊగితే మదర్‌బోర్డు స్లాట్ విరుగుతుంది. ఆ నష్టం వారంటీలోకి రాదు.

సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేవారు ఆన్‌లైన్ పార్శిల్ కన్నా ఎదురుగా నడిపించి చూసేది ఎంచుకోవాలి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పెద్దసంఖ్యలో పాత సరుకు మార్కెట్లోకి వచ్చాయి. తుడిచి కొత్తవాటిలా అమ్మేవీ ఉంటాయి.

వంద రూపాయల లెక్క

మానిటర్‌తో కలిపి మొత్తం బడ్జెట్‌ను వంద రూపాయలనుకుంటే ఇక్కడి ఇళ్లకు ఇలా పంచుకోవచ్చు: గ్రాఫిక్స్ కార్డుకు 38, ప్రాసెసర్‌కు 13, మదర్‌బోర్డుకు 8, ర్యామ్, ఎస్ఎస్‌డీలకు 17, పవర్ సప్లై, క్యాబినెట్, కూలర్‌కు 10, మానిటర్‌కు 10, యూపీఎస్‌కు 4. రెండు లక్షల బడ్జెట్‌లో కార్డుకు 76,000 దాకా వస్తుంది. అంటే 5070 కానీ, 9070 కానీ. ఎర్తింగ్ ఖర్చు దీనికి బయట, కొనడానికి ముందు పెట్టాలి. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే కార్డులో ఒక మెట్టు దిగాలి, ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగాలి. పవర్ సప్లైలో దిగొద్దు. కార్డు రెండేళ్లకు మార్చుకోవచ్చు. నాసిరకం పవర్ సప్లై పోయేటప్పుడు పక్కనున్న కార్డును, బోర్డును కూడా తీసుకుపోతుంది.

బిగించాక చివరగా రెండు తనిఖీలు ఉన్నాయి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారా? విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్‌లో 60 తీసేసి 144 లేదా 180 ఎంచుకున్నారా? ఈ రెండూ మర్చిపోయి, కార్డు బాగా లేదని దుకాణానికి ఫోన్ చేసేవారు తక్కువేం కాదు. ఆన్‌లైన్ ఆటలో పింగ్ ఎక్కువ వస్తే దానికి కార్డు కారణం కాదు. వైఫై తీసేసి రూటర్ నుంచి లాన్ కేబుల్ లాగితే చాలావరకు అక్కడే తీరిపోతుంది.